గుర్రం మోకాలు ఎక్కడుంది?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

కమిటీ వాళ్లు నన్ను ఇంజనీరింగ్ చదువుల గురించి మాట్లాడమన్నారు. నేను గుర్రం బొమ్మ గీయడం నేర్చుకోవడం గురించి మాట్లాడతానన్నాను. మొదట నవ్వారు, తర్వాత సరే అన్నారు. చివర్లో మిమ్మల్ని ఒకటి అడగబోతున్నాను. ఆ సంగతి ముందే చెప్పి మొదలుపెడుతున్నాను.

పిల్లలూ, మీకో ప్రశ్న. గుర్రం వెనక కాలును మనసులో తెచ్చుకోండి. సగం ఎత్తులో ఒక కీలు ఉంటుంది, వెనక్కి పొడుచుకొచ్చినట్టు. అది ఏమిటి? మోకాలు అంటారు. ఎవరిని అడిగినా అదే అంటారు. మరి మన మోకాలు ముందుకు కదా ఉంటుంది, గుర్రానికి వెనక్కి ఎందుకుంది?

అది మోకాలు కాదు, మడమ. గుర్రం అసలు మోకాలు ఇంకా పైన, పొట్ట పక్కన ఉంటుంది. మన మోకాలులాగే ముందుకే ఉంటుంది. ముందు కాలులో మనం మోకాలు అనుకునేది దాని మణికట్టు. డెక్క దాని గోరు. మన చేతి నడిమి వేలు ఒక్కటే మిగిలి, మిగతా వేళ్లన్నీ తగ్గిపోయి, ఆ ఒక్క వేలి గోరు మీద నిలబడితే ఎట్లా ఉంటుందో గుర్రం అట్లా నిలబడుతుంది. ఎద్దు రెండు వేళ్ల మీద నిలబడుతుంది, అందుకే దాని గిట్ట చీలి ఉంటుంది. అంటే గుర్రం ఎప్పుడూ మునివేళ్ల మీద నిలబడ్డ జంతువు. ఈ ఒక్క మాట తెలిసిన రోజు నుంచి గుర్రం కాలు గీయడం మారిపోతుంది. కర్రల్లాంటి నాలుగు కాళ్లు పోయి, ఎక్కడ వంగాలో అక్కడ వంగే కాళ్లు వస్తాయి.

నాకు ఈ మాట చెప్పింది ఈ బడిలోని డ్రాయింగ్ సారు. మా కాలంలో మర్రిగూడలో గుర్రం ఎక్కడిది? పెళ్లి బరాతుకు ఎప్పుడో ఒకటి వచ్చేది, అది కూడా రాత్రిపూట, పెట్రోమాక్సు లైట్ల నడుమ. పీర్ల పండుగకు నాల్ సాహెబ్ పీరు లేచేది, అందులో కనబడేది గుర్రపు నాడా ఒక్కటే. అందుకని సారు మమ్మల్ని ఊరి గాడిదల దగ్గరకు తీసుకుపోయేవారు. "గుర్రం లేకుంటే గాడిదను చూడుండ్రి. రెండూ ఒక్క జాతివే, ఎముకలు ఒక్క తీరే ఉంటయి. చెవులు తక్కువ జేయుండ్రి, మెడ పొడువు జేయుండ్రి" అనేవారు. ఎడ్లకు నాడాలు కొట్టే చోట నిలబెట్టి కాలు మడిచినప్పుడు ఏ కీలు ఎటు పోతుందో చూపించేవారు. ఆయన ఎప్పుడూ అనే మాట ఒకటుంది: "నీకు ఎరుకున్నది గీయకు, నీ కండ్లకు కనబడేది గీయి."

ఆ మాట వినడానికి చిన్నది, పాటించడం చాలా కష్టం. ఎంత కష్టమో చెప్పడానికి ప్రపంచ చరిత్ర నుంచి ఒక ఉదాహరణ ఇస్తాను. పందెంలో పరుగెత్తే గుర్రాన్ని యూరప్ చిత్రకారులు చాలా కాలం ఒకే తీరుగా గీశారు. ముందు కాళ్లు రెండూ ముందుకు చాచి, వెనక కాళ్లు రెండూ వెనక్కి చాచి, గాలిలో తేలుతున్నట్టు. ఫ్రెంచి చిత్రకారుడు జెరికో 1821లో ఇంగ్లండులోని ఎప్సమ్ పందేన్ని అట్లాగే గీశాడు. ఆ చిత్రం ఇప్పుడు పారిస్ లూవ్ర్ మ్యూజియంలో ఉంది. జెరికో గుర్రాలంటే ప్రాణం పెట్టినవాడు, వాటితోనే బతికినవాడు. అయినా పరుగెత్తే గుర్రం కాళ్లు కంటికి అందవు. అందనిచోట అలవాటే చేతిని నడిపింది.

అమెరికాలో కాలిఫోర్నియా మాజీ గవర్నరు లీలాండ్ స్టాన్‌ఫర్డ్‌కు ఈ విషయం తేల్చుకోవాలనిపించింది. ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ అనే ఫొటోగ్రాఫరును పెట్టుకున్నాడు. 1878 జూన్‌లో పాలో ఆల్టోలోని స్టాన్‌ఫర్డ్ గుర్రాల క్షేత్రంలో, దారి పక్కన 12 కెమెరాలు వరసగా పెట్టి, దారికి అడ్డంగా దారాలు కట్టారు. గుర్రం దౌడు తీస్తూ ఒక్కో దారం తెంపుతుంటే ఒక్కో కెమెరా ఫొటో తీసింది. ఫొటోలు కడిగి చూస్తే నాలుగు కాళ్లూ నేల విడిచే క్షణం నిజంగానే ఉంది. కానీ ఆ క్షణంలో కాళ్లు చాచి లేవు, పొట్ట కిందికి దగ్గరగా ముడుచుకుని ఉన్నాయి. చిత్రకారులు గీసిన దానికి సరిగ్గా తలకిందులు. మన ఊళ్ల పిల్లలు ఇప్పుడు కలలు కనే స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆ తర్వాత లేచింది ఆ గుర్రాల క్షేత్రం మీదనే.

అంతకు వందేళ్ల ముందే ఇంగ్లండులో జార్జ్ స్టబ్స్ అనే చిత్రకారుడు వేరే దారి పట్టాడు. హార్క్‌స్టో అనే పల్లెలో ఒక ఇల్లు తీసుకుని, చచ్చిన గుర్రాలను వేలాడదీసి, తోలు, కండ, ఎముక ఒక్కో పొర తీస్తూ 18 నెలలు బొమ్మలు వేసుకున్నాడు. 1766లో వాటిని పుస్తకంగా అచ్చువేశాడు. ఆ వాసనలో ఏడాదిన్నర కూర్చున్నది ఎందుకు? కాలు ఎక్కడ వంగుతుందో సొంత కండ్లతో చూడటానికి.

ఇవన్నీ ఎక్కడో దూరదేశం మాటలు అనుకోకండి. మన ఉమ్మడి నల్లగొండ జిల్లా పక్కనే నాగార్జునకొండ ఉంది. సుమారు 1,700 ఏళ్ల కింద ఇక్ష్వాకుల కాలంలో అక్కడి శిల్పులు సున్నపురాయి మీద బుద్ధుడి జీవితం చెక్కారు. సిద్ధార్థుడు కంథకం అనే గుర్రమెక్కి అర్ధరాత్రి ఇల్లు విడిచిపోయే ఘట్టం అమరావతి, నాగార్జునకొండ శిల్పులకు ఇష్టమైనది. కథ ప్రకారం డెక్కల చప్పుడుకు ఊరు లేవకుండా దేవగణాలు ఆ గుర్రం డెక్కలను అరచేతుల మీద మోశాయి. డెక్కకు, నేలకు మధ్య ఒక అరచెయ్యి. గుర్రం బరువు ఎక్కడ పడుతుందో తెలిసిన ఊహ అది. నాగార్జునసాగర్ కట్టేటప్పుడు తవ్వి తీసిన శిల్పాలు ఇప్పుడు నీటి నడుమ కొండ మీది మ్యూజియంలో ఉన్నాయి. మనం సాగర్ పోయి గేట్లు చూసి వస్తాం. లాంచి ఎక్కి ఆ శిల్పాలు చూసి వచ్చినవాళ్లు ఈ సభలో ఎంతమంది ఉన్నారో చేతులెత్తమని అడగను.

చేర్యాల నకాషీ పటాలు మీలో పెద్దలకు తెలుసు. ఎర్రటి నేపథ్యం మీద కులపురాణాల కథలు. వాటిలో గుర్రం ఎక్కువగా పక్క నుంచే కనబడుతుంది. నాకు అందులో మంచి లెక్క కనబడుతుంది. పటం కథ చెప్పేవాడు రాత్రి పూట దూరంగా కూర్చున్న జనానికి కూడా చూపాలి. మెడ వంపు, తోక, ఎత్తిన కాలు అన్నీ ఒక్క చూపులో తెలిసేది పక్క నుంచి చూసినప్పుడే. నేను ఇంజనీరుగా గీసే ఎలివేషన్ కూడా అదే పని చేస్తుంది.

ఇక గుర్రం అంటే మన దేశంలో మొదట గుర్తొచ్చే పేరు ఎం.ఎఫ్. హుస్సేన్. 1915లో పండరీపురంలో పుట్టి, ఇండోర్‌లో పెరిగి, బొంబాయిలో సినిమా హోర్డింగులకు రంగులు వేసి బతికిన మనిషి. మన హైదరాబాద్‌తో ఆయనకు గట్టి సంబంధం ఉంది. రామ్ మనోహర్ లోహియా మాట మీద రామాయణం బొమ్మలు వేయడానికి పూనుకున్నప్పుడు ఆయనకు అండగా నిలిచింది హైదరాబాద్‌కు చెందిన బద్రీవిశాల్ పిత్తీ. తర్వాత బంజారాహిల్స్‌లో సినిమా ఘర్ పేరుతో ఆయన ఒక మ్యూజియం కూడా నడిపారు. ముహర్రం ఊరేగింపులో చూసిన గుర్రం, 1952లో చైనా వెళ్లినప్పుడు చూసిన గుర్రపు బొమ్మలు ఆయన గుర్రాలకు మూలమని చెబుతారు. హుస్సేన్ గుర్రాల కాళ్లు స్టబ్స్ కొలతలకు సరిపోవు. నాలుగు గీతల్లో మెడ, ముక్కుపుటాలు, దూకే బలం వస్తాయి. కానీ ఏ గీత వదిలేయవచ్చో తెలియాలంటే ముందు అన్ని గీతలూ తెలిసి ఉండాలి. హోర్డింగు ఎక్కి మనుషులంత ముఖాలు కొలతపెట్టి గీసిన చెయ్యి అది.

ఇప్పుడు పిల్లలకు గుర్రం గీసే పద్ధతి రెండు నిమిషాల్లో చెబుతాను. మా సారు చెప్పిందే. కావాలంటే ఇక్కడే నోట్‌బుక్కు వెనక గీసుకోండి. ముందు తల గీయకండి, తల పొడవును కొలతగా మాత్రం పెట్టుకోండి. రొమ్ము నుంచి పిర్ర దాకా సుమారు రెండున్నర తలలు. నేల నుంచి మూపు దాకా కూడా సుమారు రెండున్నర తలలు. అంటే మెడ, తల వదిలేస్తే నిలబడ్డ గుర్రం దాదాపు ఒక చదరంలో పడుతుంది. ఆ చదరం గీసి, పై సగంలో ఒళ్లు పెట్టండి. తర్వాత కీళ్లకు చుక్కలు పెట్టండి. వెనక కాలికి పొట్ట పక్కన మోకాలు, దాని కింద వెనక్కి మడమ. ముందు కాలికి మణికట్టు. ముందు కాలి మణికట్టు కంటే వెనక కాలి మడమ కొంచెం పైన ఉంటుంది. చుక్కలు కలపండి. ఆ తర్వాతే కండ, జూలు, తోక.

ఒక ఇంజనీరుగా నాకు బాగా నచ్చేది ఇంకొకటి. గుర్రానికి కాలర్ బోను లేదు. ముందు కాళ్లను ఒంటికి కలిపే ఎముకల కీలు లేదు. రెండు భుజం ఎముకల నడుమ దాని రొమ్ము కండరాలతో ఊయలలా వేలాడుతుంది. నిలబడ్డ గుర్రం బరువులో సుమారు 60 శాతం ముందు కాళ్ల మీదే పడుతుంది. ఆ బరువు దూకినప్పుడు ఎముకకు ఎముక తగలకుండా కండరం ఆపుతుంది. మేము వంతెనల కింద బేరింగులు పెట్టేది కూడా దెబ్బ నేరుగా స్తంభానికి తగలకుండానే. వెనక కాలిలో మోకాలి చిప్పను గొళ్లెంలా బిగించుకుని గుర్రం నిలబడే కునుకు తీస్తుంది. ఇవన్నీ తెలిస్తే నిలబడ్డ గుర్రానికి, నిద్రపోతున్న గుర్రానికి కాళ్లు వేరుగా గీయగలం. నిద్రపోయే గుర్రం ఒక వెనక కాలు వదులు చేసి డెక్క కొస మాత్రం నేలకు ఆనిస్తుంది.

కాళ్ల గురించి, కీళ్ల గురించి ఇంతసేపు మాట్లాడటానికి కారణం మన ఊరు. వేరే ఊళ్లో కాలు గీయడం ఒక బొమ్మ విషయం. మర్రిగూడలో అట్లా కాదు. మా క్లాసులో ఏ బెంచీ చూసినా మరకలు పడ్డ పండ్లు, వంగని మెడ, మోకాళ్లు ఒకదానికొకటి తగిలే నడక కనబడేవి. అప్పట్లో చాలా ఇళ్లలో దాన్ని వాతం అనేవారు, గాచారం అనేవారు. అది మన నేల అడుగున ఉన్న గ్రానైటు రాళ్ల నుంచి బావుల్లోకి, బోర్లలోకి దిగే ఫ్లోరైడ్. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని హద్దు. మన నీళ్లు ఆ హద్దు ఎన్నడో దాటాయి.

ఆ సంగతి ఎవరో ఒకరు కాలును కాలులాగా, కీలును కీలులాగా చూడటం వల్లనే బయటపడింది. 1955లోనే నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ మీద బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం వచ్చింది. 1973లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు పిల్లల మోకాళ్లు లోపలికి వంగడం గురించి, ఎముక గుల్లబారడం గురించి లాన్సెట్ పత్రికలో రాశారు. ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతికి నాగపూర్ నీరి సంస్థ పెట్టిన పేరే నల్గొండ టెక్నిక్, పటిక, సున్నంతో నీటిని తేర్చే పద్ధతి. గాచారం అనుకున్నంత కాలం మందు లేదు, మార్గం లేదు. కొలిచి చూసిన తర్వాత నీళ్లు మార్చాలని తెలిసింది. మన మండలం శివన్నగూడెం అంశల స్వామి లాంటివాళ్లు తమ ఒంటినే సాక్ష్యంగా చూపి ఢిల్లీ దాకా పోయి అడిగారు. 2023లో ఆయన మనల్ని విడిచిపోయారు. ఎరుకున్నది కాదు, కనబడేది చూడు అన్న మా సారు మాట నాకు పూర్తిగా అర్థమైంది ఇక్కడే.

మా బెంచీలో నా పక్కన కూర్చునే దోస్తు ఒకడున్నాడు. పేరు చెప్పొద్దన్నాడు, చెప్పను. వాడు ఆటల పీరియడులో గ్రౌండుకు వచ్చేవాడు కాదు, రాలేకపోయేవాడు. మోకాళ్లు సహకరించేవి కావు. కానీ క్లాసు మొత్తంలో గుర్రాన్ని వాడిలాగా గీసినవాడు లేడు. మా గుర్రాలు కాగితానికి అతికించినట్టు ఉండేవి, వాడి గుర్రం కాగితం మీద నిలబడేది. ఎట్లా గీస్తవురా అని అడిగితే వాడు చెప్పిన జవాబు ఇప్పటికీ మరిచిపోలేదు. "బరువు ఏ కాలు మీదున్నదో నాకు ఎరుకైతది. నేను పొద్దుందాకా అదే జూసుకుంట నడుస్త గదా" అన్నాడు. మేము ఇంజనీరింగ్ కాలేజీలో మూడో సెమిస్టరులో నేర్చుకున్న లోడు లెక్క వాడికి తొమ్మిదో తరగతిలోనే ఒంటితో తెలుసు.

వాడు తర్వాత దుకాణాల బోర్డులు రాశాడు, లారీల వెనక బొమ్మలు వేశాడు, గోడల మీద ఎన్నికల గుర్తులు గీశాడు. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని ఆగిపోయింది. బ్రష్షు మాత్రం వదల్లేదు. ఈ రోజు ఈ ఆవరణ ద్వారం మీద మీరు చూసిన రెండు గుర్రాలు వాడు వేసినవే. వచ్చేటప్పుడు చూడనివాళ్లు పోయేటప్పుడు చూడండి. కాళ్లు చూడండి.

ఇప్పుడు నేను అడగదలచుకున్నదానికి వస్తున్నాను. ఈ రోజుల్లో చాలా బడుల్లో డ్రాయింగ్ పీరియడు టైంటేబులులో ఉంటే లెక్కలకు పోతుంది, లేకపోతే అసలు ఉండదు. పదో తరగతి ఫలితాలు అడుగుతారు, పిల్లల బొమ్మలు ఎవరూ అడగరు. ఉపాధ్యాయుల మీద ఉన్న ఒత్తిడి నాకు తెలుసు. నేను తప్పుపట్టడం లేదు. కానీ నా పని చోటు సంగతి ఒకటి చెప్పాలి.

మా ఆఫీసుకు ఏటా కొత్త ఇంజనీర్లు వస్తారు. కంప్యూటరు మీద డ్రాయింగు చకచకా చేస్తారు. ఒక పాత బిల్డింగు స్లాబు దూలానికి పగులు వచ్చిందని పంపిస్తే పది ఫొటోలు తీసుకొస్తారు. పగులు ఎటు పోతున్నదో చేత్తో గీసి చూపించమంటే ఆగిపోతారు. దూలం నడుమ కింది నుంచి నిలువుగా లేచే పగులు వంపు వల్ల వచ్చింది. గోడకు దగ్గరగా ఏటవాలుగా లేచే పగులు కోత బలం వల్ల వచ్చింది, అది ఎక్కువ ప్రమాదం, చెప్పకుండా కూలుతుంది. ఫొటోలో రెండూ పగుళ్లే. గీసేటప్పుడు మాత్రం ఎక్కడ మొదలైంది, ఎటు వంగింది అని ప్రతి గీతకూ తేల్చుకోవాల్సి వస్తుంది. అట్లా చూసే కన్ను ఇరవై రెండేళ్లకు ఆఫీసులో నేర్పడం కష్టం. పన్నెండేళ్లకు బడిలో ఒక పెన్సిలు, ఒక గాడిద చాలు.

కనుక స్వర్ణోత్సవం గుర్తుగా మనం ఒక ఆర్చి కట్టడమో, శిలాఫలకం వేయడమో కాకుండా, దానికి అదనంగానైనా సరే, ఒక పని చేద్దామని నా మనవి. ప్రతి శనివారం చివరి రెండు పీరియడ్లు, ఆరు నుంచి తొమ్మిదో తరగతి దాకా, డ్రాయింగుకు ఇవ్వమని హెడ్‌మాస్టరు గారిని వేడుకుంటున్నాను. నేర్పడానికి మనిషి సిద్ధంగా ఉన్నాడు. నా దోస్తును అడిగాను. "పైసలు ఇయ్యకున్నా వస్త, కూసోవడానికి కుర్చీ ఉంటే చాలు" అన్నాడు. పైసలు ఇద్దాం. గౌరవంగా ఇద్దాం. మొదటి ఏడాది గౌరవ వేతనం, పిల్లలందరికీ డ్రాయింగు అట్టలు, కాగితం, పెన్సిళ్ల ఖర్చు మా బ్యాచి పెట్టుకుంటుంది. ఆ తర్వాత ఏడాదికి ఒక బ్యాచి ముందుకు రావాలి. ఏడాదికి ఒకసారి పిల్లలను బస్సులో సాగర్ తీసుకుపోయి, లాంచి ఎక్కించి, కొండ మీది శిల్పాల ముందు కూర్చోబెట్టి గీయించాలి.

వాళ్లంతా చిత్రకారులు కావాలని కాదు. ఒకరు డాక్టరు కావచ్చు, ఒకరు మెకానిక్కు కావచ్చు, ఒకరు వ్యవసాయం చేయవచ్చు. పశువు కుంటుతుంటే ఏ కీలు దగ్గర నొప్పో రైతుకు తెలియాలి. పక్కింటి పిల్లవాడి నడక మారితే అది గాచారం కాదు, నీళ్లు చూడాలి అని ఒకరికి తట్టాలి. అంత చాలు.

హెడ్‌మాస్టరు గారు తల ఊపుతున్నారు. దాన్ని నేను ఒప్పుకోలుగానే తీసుకుంటున్నాను. భోజనాల దగ్గర నా చేతిలో ఒక నోట్‌బుక్కు ఉంటుంది. ఏ బ్యాచి ఏ ఏడాది బాధ్యత తీసుకుంటుందో అందులో రాసి సంతకం పెట్టండి. మొదటి పేజీ మాది.